వీపులు తీసే ఫొటోగ్రాఫర్

“గురువారం సాయంత్రం ఐదూ నలభై ఐదుకు ఎక్కడున్నవ్?”

“హాజీ అలీ దర్గా కాడ అక్కా, సముద్రం ఒడ్డుకు. ఫొటోలు తీస్తున్న.”

“నిన్ను సూసినోళ్లు ఎవరన్న ఉన్నరా?”

సురేష్ లాకప్ కడ్డీల దగ్గరికి జరిగాడు. “లేరు. నేనే అందర్ని ఎనకనుంచి సూసిన.”

నాకు ఒళ్లు మండింది. లాకప్‌లో కూర్చున్న మనిషి చెప్పాల్సిన జవాబు కాదది. సబ్‌ఇన్‌స్పెక్టర్ అనికేత్ నాకు దయతలచి ఇచ్చింది పది నిమిషాలు. అందులో నాలుగు అప్పుడే అయిపోయాయి. సాయంత్రం నాలుగింటికి సురేష్‌ను ఆదివారం నడిచే సెలవు కోర్టులో నిలబెడతారు. హత్యాయత్నం కేసు. ఒకసారి జైలు లోపలికి పోయాడంటే బెయిలు రావడానికి ఎన్ని నెలలు పడుతుందో పద్దెనిమిదేళ్లు హవల్దారుగా చేసిన నాకు బాగా తెలుసు. ఆ ఉద్యోగం వదిలేశాక ముంబై ఫాక్‌లాండ్ రోడ్డులో ఒక జెరాక్స్ దుకాణం పైన డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. బోర్డు మీద మంగళ అని ఉంటుంది. కామాఠీపురా తెలుగువాళ్లందరికీ నేను మంగళక్కనే.

సురేష్ చెల్లెలు కవిత పొద్దున ఏడింటికే వచ్చి నా తలుపు కొట్టింది. వరసగా ఒంటిగది ఇళ్లున్న వాళ్ల పాత చాల్‌ను కూల్చి కొత్త బిల్డింగు కట్టాలని ఒక బిల్డరు చూస్తున్నాడు. అతని తరఫున తిరిగే మంగేష్ గురువారం సాయంత్రం చాల్ మూడో అంతస్తు గ్యాలరీ నుంచి కింద పడ్డాడు. ప్రాణం పోలేదు గానీ మూడు రోజులుగా స్పృహ లేదు. అదే రోజు పొద్దున అందరి ముందూ సురేష్ అతని కాలర్ పట్టుకున్నాడు. ఎదురు బిల్డింగులో పనిచేసే మేస్త్రీ లచ్చయ్య, సురేష్ తోయడం పరంజా మీద నుంచి చూశానని పోలీసులకు చెప్పాడు. అనికేత్‌కు అంతకన్నా ఏం కావాలి?

“కాలర్ ఎందుకు వట్టినవ్ రా?”

“మా అమ్మ పోయి రెండేండ్లాయె. ఇల్లు కూలగొట్టనీకి ఒప్పుకుంటున్న అని ఆమె ఏలిముద్ర ఉంది మంగేష్ తెచ్చిన కాయితం మీద. కోపం రాదా అక్కా?”

“దానికి మంగేష్ ఏమన్నడు?”

“ఆని మొహం తెల్లగైంది. నాకు తెల్వదన్నడు. ఎవరు పెట్టిండ్రో సాయంత్రం లోపట కనుక్కుంటనన్నడు. నేను ఇడిసిపెట్టిన.”

ఈ మాట పోలీసు కాగితాల్లో ఎక్కడా లేదు. “మరి ఆ సాయంత్రం ఫోన్ ఎందుకు బంద్ జేసినవ్?”

“డెలివరీ పని గదక్కా. ఫోన్ చాలూ ఉంటే ఆర్డర్ మీద ఆర్డర్ వస్తది. వారంల రెండు పూటలే నాకు కెమెరా. ఒకసారి ససూన్ డాక్ చేపల రేవు, ఒకసారి శివ్‌డీ ఒడ్డు, మొన్న హాజీ అలీ. ఉత్తగ తిరుగుత, తీస్త, ఇంటికొస్త.”

“మొహాలు తీయవా?”

“మొహం తీయాలంటే అడగాలె. అడగాలంటే సిగ్గు.”

ఇరవై ఏడేళ్లవాడు తల వంచుకుని ఆ మాట చెప్పాడు. కాలర్ పట్టుకోవడానికి లేని సిగ్గు ఫొటో అడగడానికి వచ్చిందా అని తిట్టబోయి ఊరుకున్నాను. వాడు అబద్ధం చెప్పడం లేదని నాకు అప్పుడే తెలిసిపోయింది. నాకు తెలిస్తే సరిపోదు, అదే చిక్కు.

*

పదకొండు గంటలకు చాల్ చేరాను. మూడో అంతస్తు గ్యాలరీలో మంగేష్ పడిన చోట కర్ర రెయిలింగు ఒక పక్క విరిగి ఉంది. చుట్టూ పద్నాలుగు ఇళ్లు. ఒక్కరూ చూడలేదట.

“అప్పుడే నల్లా వచ్చిందక్కా,” అంది కవిత. “సాయంత్రం నీళ్లు ఐదూ నలభై ఐదుకు వస్తయ్, ఇర్వై నిమిషాలే ఉంటయ్. అందరం హండాలు, డ్రమ్ములు వట్టుకొని కింద ఎనకదిక్కు ఉంటిమి. నల్లా సప్పుడు, మనిషి పడిన సప్పుడు ఒక్కపారే ఇనొచ్చింది. ముందుగాల ఉర్కొచ్చింది శివరాం ముకద్దం.”

“ఎదురు బిల్డింగు కూలోళ్లను తెచ్చే ముకద్దమా?”

“అవునక్కా, ఆయ్ననే. మంగేష్‌ను టాక్సీల ఏసుకొని దవాఖానకు వోయిండు. ఇప్పటిదాక ఆ మంచం ఇడ్సలే. సొంత అన్నదమ్ములు గూడ అట్ల కూసోరు.”

శివరాం మంచివాడని చాల్‌లో ముసలమ్మలందరూ అప్పటికే నాకు ఒకసారి చెప్పారు. మంగేష్‌కు ఈ ఊళ్లో దిక్కు లేదు, ఎవరో ఒకరు ఉన్నారు కదా అని నాకూ నిమ్మళంగానే అనిపించింది.

ఎదురు బిల్డింగు మరమ్మతులో ఉంది. సందుకు అవతల మూడో అంతస్తు దాకా వెదురు పరంజా. నలభై తొమ్మిదేళ్ల వయసులో నిచ్చెన ఎక్కడం అంటే మోకాళ్లు తిట్టుకుంటాయి. ఎక్కాను. పైన అనికేత్ నాకన్నా ముందే ఉన్నాడు. స్టేషన్‌కు కొత్తగా వచ్చినప్పుడు పంచనామా ఎలా రాయాలో నా దగ్గర నేర్చుకున్న కుర్రాడు. ఇప్పుడు భుజం మీద నక్షత్రాలు ఉన్నాయి. మేమిద్దరం మాట్లాడుకునేది మరాఠీలో. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

“మంగళాతాయీ, ఆదివారం పూట మీకెందుకు ఈ కష్టం? సాక్షి ఉన్నాడు. గొడవ జరిగింది. ఫోన్ ఆఫ్ చేశాడు. ఇంకేం కావాలి?”

“సాక్షి ఎక్కడ నిలబడ్డాడు?”

“ఇక్కడే. ఈ గోడకు సిమెంటు పూత, గిలాబు చేస్తున్నాడట. ఇక్కణ్ణుంచి గ్యాలరీ చేతికందేంత దూరం. భుజానికి కెమెరా సంచి ఉన్న కుర్రాడు తోశాడని చెప్పాడు.”

గ్యాలరీ నిజంగానే బాగా కనబడుతోంది. ఆ విషయంలో అనికేత్‌ది తప్పు లేదు. నేను గోడవైపు తిరిగాను. సిమెంటు గిలాబు చేసిన గోడకు కొన్ని రోజులు నీళ్లు కొడుతూ ఉండాలి. ఏ ముక్క ఏ రోజు చేశారో మరిచిపోకుండా మేస్త్రీలు బొగ్గుతో తేదీ రాసుకుంటారు. ఎడమ పక్క 18. తర్వాత ముక్క మీద 19. దాని పక్కన 21.

“గురువారం ఎన్నో తారీకు?” అని అడిగాను.

“ఇరవై. మీకు తెలియదా?”

“నాకు తెలుసు. గోడకు తెలియలేదు. ఇరవయ్యో తారీకు గిలాబు ఏది, అనికేత్?”

వాడు గోడ చూశాడు, తర్వాత నన్ను చూసి నవ్వాడు. “తేదీ రాయడం మరిచిపోయి ఉంటాడు. గోడను పట్టుకుని కేసు కొట్టేస్తారా?”

అప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు. పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్లో సగం జీవితం గోడలు కట్టిన మేస్త్రీ. అమావాస్య నాడు తాపీ ముట్టేవాడు కాదు. ఆ రోజు పనిముట్లు కడిగి, బొట్టు పెట్టి మూలకు పెట్టేవాడు. ఇక్కడే పుట్టిపెరిగిన మేము ఆ సంగతి మరిచే పోయాం. ఇప్పటికీ ఊరి నుంచి వచ్చే పాలమూరు మేస్త్రీలు మరవలేదు. ఫోన్ తీసి క్యాలెండర్ చూశాను. నవంబర్ ఇరవై, అమావాస్య.

అనికేత్‌కు చెప్పాను. వాడు ఈసారి నవ్వలేదు గానీ ఒప్పుకోనూ లేదు. “పని లేకపోయినా పైకి ఎక్కి ఉండవచ్చు కదా. సురేష్ సముద్రం దగ్గర ఉన్నాడని చూపించండి, నేనే తాళం తీస్తాను. కెమెరా నా దగ్గరే ఉంది. తేదీ చూస్తే రెండు వేల సంవత్సరం, జనవరి ఒకటి అని ఉంది. దాన్ని కోర్టులో పెట్టమంటారా?”

“నాలుగింటిదాకా సమయముంది కదా,” అని కిందికి దిగాను. దిగుతుంటే నిచ్చెన కింద ఒకామె బకెట్‌తో నీళ్లు తెచ్చి కింది గోడలకు కొడుతోంది. చిలకపచ్చ చీర, చీర మీద పసుపు చుక్కలు. లచ్చయ్య భార్య భూదేవి అని కింద నిలబడ్డ కవిత చెప్పింది.

*

సురేష్ తీసిన ఫొటోలన్నీ అదే రాత్రి లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుంటాడు. కవిత దాన్ని తెరిచింది. వాళ్ల ఒంటిగది ఖోలీలో ఇద్దరం చాప మీద కూర్చుని చూశాం.

వాడు చెప్పింది నిజమే. అన్నీ వీపులే. చేపల బుట్ట మోస్తున్న వీపులు, బస్సు కోసం నిలబడ్డ వీపులు, సముద్రం వైపు తిరిగి కూర్చున్న ముసలి దంపతుల వీపులు. ఒక్క మొహం లేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అయితే ఒప్పుకోక తప్పదు, ఆ వీపులు చూస్తుంటే మనిషి అలసిపోయాడో సంతోషంగా ఉన్నాడో తెలుస్తోంది. పనికిమాలిన సరదా అనుకున్నదాన్ని కాస్త సర్దుకుని కూర్చున్నాను.

“ఈ తారీకు గొడవ ఏంది?” అడిగాను.

“కెమెరా సెకండ్ హ్యాండ్‌ది. బ్యాటరీ మూత ఢీలా ఉంది. బ్యాటరీ కదిలితే గడియారం మల్ల మొదటికొస్తది. అన్న మల్ల పెట్టుకోడు, బద్దకం.”

హాజీ అలీ ఫొటోలు నలభై ఒకటి. మొదటిది కెమెరా గడియారంలో పన్నెండు నలభై ఒకటికి, చివరిది ఒకటి యాభై రెండుకి. గడియారంలో వేళ తప్పే, కానీ ఒక ఫొటోకూ ఇంకో ఫొటోకూ మధ్య నిమిషాలు తప్పవు కదా. చివరి ఫొటోలో సూర్యుడు సగం నీళ్లలో ఉన్నాడు. ఈ రోజుల్లో పొద్దు గూకేది ఆరింటికి. అంటే మొదటి ఫొటో దాదాపు ఐదుకు పది నిమిషాల ముందు. డెబ్బై ఒక్క నిమిషాల్లో ఎక్కడా నాలుగు నిమిషాలకు మించి ఖాళీ లేదు. సైకిలు తొక్కినా, మోటారు తోలినా, అక్కణ్ణుంచి ఈ చాల్‌కు వచ్చి మనిషిని తోసి మళ్లీ పోవడం కుదరదు.

వేళ దొరికింది. రోజు దొరకాలి. నీళ్లు బాగా వెనక్కి పోయి ఉన్నాయి. నల్ల బండలు దూరం దాకా బయటపడి, జనం వాటి మీద నడుస్తున్నారు. నేను హాజీ అలీలో ఎన్నో శుక్రవారాలు బందోబస్తు చేశాను. సముద్రం వేళల కాగితం జేబులో లేకుండా డ్యూటీకి పోయేదాన్ని కాదు. పొద్దు గూకే వేళకు నీళ్లు అంతలా తీసేది అమావాస్యకూ పున్నమికీ అటూ ఇటూ రోజుల్లోనే. అంటే పందొమ్మిది కావచ్చు, ఇరవై కావచ్చు, ఇరవై ఒకటీ కావచ్చు. అనికేత్ సరిగ్గా అక్కడే పట్టుకుంటాడు.

ముప్పై మూడో ఫొటో దగ్గర నా చెయ్యి ఆగింది.

బండ మీద ఒక మగమనిషి, ఒక ఆడమనిషి పక్కపక్కనే నిలబడి ఉన్నారు. మామూలుగానే వీపులు. ఆమె చీర కొంగు గాలికి ఎగిరి ఉంది. చిలకపచ్చ మీద పసుపు చుక్కలు. అతని చొక్కా భుజం కింద చిరిగితే అదే చీర గుడ్డతో అతుకు వేసి ఉంది.

“కవితా, లాప్‌టాప్ తీస్కో. అనికేత్‌కు ఫోన్ చెయ్యి, లచ్చయ్య ఖోలీకి రమ్మను.”

“ఏమైందక్కా?”

“మీ అన్న సిగ్గే మీ అన్నను బతికించింది. పద.”

*

లచ్చయ్య, భూదేవి ఉండేది మరమ్మతు జరుగుతున్న ఎదురు బిల్డింగు కింది ఖోలీలో. మేం పోయేసరికి లచ్చయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, ముందు కంచంలో అన్నం కలిపింది కలిపినట్టే ఉంది. అనికేత్ గుమ్మంలో నిలబడ్డాడు. నేను లచ్చయ్యను పలకరించలేదు. భూదేవి పక్కన కూర్చుని ఫొటో ఆమె ముందు పెట్టాను.

ఆమె కొద్దిసేపు చూసింది. మొహం ఒక్కసారిగా విప్పారింది. “గిది మేమే గదమ్మా. ఎవరు తీసిండ్రు? మంచిగొచ్చినం గదా. మా ఇద్దరియి కలిసి ఒక్క ఫొటో లేదు ఇంతవరకు.”

“ఆ అతుకు నువ్వే ఏసినవా?”

“నేనే ఏసిన. అంగీ మంచిదే, మేకు తట్టుకుంది. చీరల మిగిలిన పీలిక ఉంటే ఏసిన.”

“ఏనాటి ముచ్చట భూదేవమ్మా?”

“మొన్న అమాస నాడు. అమాస నాడు మేం పని ముట్టం గదా. సముద్రంల కాళ్లు కడుక్కొని వద్దామని నేనే గుంజుకపోయిన ఈనను. పొద్దు గూకినంక నడ్సుకుంట వచ్చినం. వచ్చేసరికి ఈడ ఎవరో పడ్డడని లొల్లి.”

అనికేత్‌కు ఒక్కొక్క మాటే మరాఠీలో చెప్పాను. వాడు వెంటనే, “ముందురోజో, మర్నాడో కావచ్చు కదా?” అన్నాడు. అంటాడని తెలుసు.

లచ్చయ్య వైపు తిరిగాను. “పైన గోడ మీద తారీకులు ఎవరు రాస్తరు?”

“నేనే రాస్త,” అన్నాడు లచ్చయ్య, నేల చూస్తూ.

“పందొమ్మిది, ఇర్వై ఒకటి, పొద్దుగూకేదాక పైననే ఉన్నవా?”

“ఉన్న.”

“ఇర్వై నాడు?”

అతను కంచం పక్కకు జరిపాడు. భూదేవి అతని మొహం చూసింది, తర్వాత గుమ్మంలో నిలబడ్డ పోలీసును చూసింది. ఆమె నవ్వు పోయింది. “ఏందయ్యా, ఏం జేసినవ్?”

లచ్చయ్య రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. “నేను సూడలే మేడం. నేను ఆడ లేనే లేను. సంతకం వెట్టకుంటే ఖోలీ ఖాళీ జెయ్యాలన్నరు. ఈమెను తీస్కొని యాడికి వోవాలె? ఆ పిలగాన్ని పోలీసోళ్లు తీస్కవోయిన కాంచి ముద్ద దిగుతలేదు. ఎవరన్న వచ్చి అడిగితే బాగుండని సూస్తున్న.”

అతను ఏడ్చాడు, కానీ ఆ ఏడుపులో భయం కన్నా బరువు దిగిన నిమ్మళమే ఎక్కువ ఉంది. భూదేవి అతన్ని తిట్టింది, తిడుతూనే కొంగుతో మొహం తుడిచింది, కంచం మళ్లీ అతని ముందుకు జరిపింది.

“అమ్మయ్య,” అంది కవిత. అని నా భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. పొద్దుటి నుంచి ఒక్క కన్నీటి చుక్క రాల్చని పిల్ల. నాకూ కళ్లు చెమర్చాయి, దాచుకోవడం ఎందుకు. అనికేత్ అప్పటికే బయటికి పోయి స్టేషన్‌కు ఫోన్ చేస్తున్నాడు. ఓడిపోయినందుకు మొహం మాడ్చుకున్నాడు గానీ మాట తప్పేవాడు కాదు.

ఆ సంతోషంలో లచ్చయ్యను అడగాల్సిన ఒక్క ప్రశ్న అడగడం మరిచిపోయాను. ఖోలీ ఖాళీ చెయ్యాలన్నది ఎవరు? పద్దెనిమిదేళ్లు పోలీసుగా చేసినదాన్ని, చెయ్యకూడని తప్పు అది.

*

లచ్చయ్య కొత్త వాంగ్మూలం రాసిచ్చాడు. మూడింటికి సురేష్ బయటికొచ్చాడు. స్టేషన్ ఎదురుగా చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. కవిత అన్న చెయ్యి వదలడం లేదు. వాడు చాయ్ ఎలా తాగాలో తెలియక ఎడమచేత్తో తాగుతున్నాడు.

“భూదేవమ్మకు ఆ ఫొటో పెద్దగ తీయించి ఇయ్యి,” అన్నాను. “ఇంకొకసారి అడిగి మొహాలు తియ్యి.”

“అడుగుత అక్కా,” అన్నాడు. మళ్లీ సిగ్గుపడ్డాడు.

అనికేత్ కూడా చాయ్ తీసుకున్నాడు. “తాయీ, గోడ మీద తారీకులు నేను చూడాల్సింది,” అన్నాడు. వాడి నోటి నుంచి అంతకన్నా క్షమాపణ రాదు. నేనూ పొడిగించలేదు. గ్లాసు సగమయ్యాక అప్పుడు గుర్తొచ్చింది.

“లచ్చయ్యను నీ దగ్గరికి తెచ్చింది ఎవరు?”

“వాళ్ల ముకద్దం, శివరాం. మా మేస్త్రీ ఒకడు చూశాడు సార్ అని శుక్రవారం ఫోన్ చేశాడు. హాస్పిటల్ నుంచే.”

సురేష్ తలెత్తాడు. “శివరాం ముకద్దమా? ఒప్పుకున్నట్టు ఏలిముద్రలు ఏపియ్యనీకి కాయితాలు వట్టుకొని ఇల్లిల్లు తిరిగింది గూడ ఆయ్ననే గదా.”

అనికేత్ చాయ్ గ్లాసు బండి మీద పెట్టేశాడు. చచ్చిపోయిన మనిషి వేలిముద్ర పెట్టింది ఎవరో సాయంత్రం లోపల కనుక్కుంటానన్నాడు మంగేష్. కనుక్కున్నాడు. పరంజా ఖాళీగా ఉన్న రోజు, చాల్ అంతా నల్లా దగ్గర ఉన్న వేళ శివరాం అతన్ని తోశాడు. పడ్డవాణ్ణి మొదట చేరుకున్న మనిషి మూడు రోజులుగా ఆ మంచం ఎందుకు వదల్లేదో నాకు అప్పుడు అర్థమైంది. మంగేష్ బతికి నోరు విప్పుతాడేమోనని కాపలా కాస్తున్నాడు.

అదే క్షణంలో అనికేత్ ఫోన్ మోగింది. హాస్పిటల్ నర్సు. స్పీకర్ పెట్టాడు.

“సార్, పేషెంట్ ఇప్పుడే కళ్లు తెరిచాడు. మాట ఇంకా రాలేదు. మంచం దగ్గరున్న మనిషి ఇంటికి తీసుకుపోతానని గొడవ చేస్తున్నాడు. అతనికే ఇస్తున్నాను, మీరే చెప్పండి.” మేం నోరు తెరిచేలోపే ఆమె ఫోన్ చేతులు మార్చింది.

నేను అనికేత్ చేతిలోంచి ఫోన్ లాక్కుని జీపు వైపు చూపించాను. వాడు పరుగెత్తాడు.

“శివరామన్నా, నేను మంగళను.”

“చెప్పక్కా.” గొంతు మామూలుగానే ఉంది. “మంగేష్ కండ్లు తెరిచిండు. ఇంటికి తీస్కవోయి మంచిగ సూస్కుంట అంటే ఈల్లు ఇంటలేరు.”

“తొందరేముందన్నా. కేసు అయిపోయింది. సురేష్ ఒప్పుకున్నడు, నేనే తోసిన అని రాసిచ్చిండు. ఇంక మంగేష్‌ను అడిగే పని ఎవ్వరికి లేదు.”

సురేష్ చేతిలో గ్లాసు ఆగిపోయింది. కవిత మొహంలో రక్తం లేదు. నేను వాడి భుజం గట్టిగా నొక్కి, ఉత్తదే అన్నట్టు తల అడ్డంగా ఊపాను.  అటువైపు నుంచి పెద్ద నిట్టూర్పు, కుర్చీలో కూలబడిన చప్పుడు.

“అమ్మయ్య,” అన్నాడు శివరాం.

మూడు గంటల కింద కవిత నోట విన్న మాటే అది. అంతే హాయిగా అన్నాడు.

“నువ్వు ఆడనే కూసో అన్నా,” అన్నాను, ఫోన్ చెవికి ఆనించుకునే జీపు ఎక్కుతూ. “మూడు దినాల నుంచి అలసిపోయినవ్. చాయ్ తాగు. నేనే వస్తున్న.”